విరిగిన గోరు, గిరి దాటని ఆవులు: నంద్యాల సీమలో శ్రమజీవుల హాస్యం

మన సాహిత్య చరిత్రలు హాస్యానికి ఇచ్చిన చోటు చాలా ఇరుకు. తెనాలి రామకృష్ణుని పేర చెలామణీ అయ్యే కథలు, ఆస్థానాల్లో పుట్టిన చాటువులు, వీరేశలింగం ప్రహసనాలు, ఆ తర్వాత చిలకమర్తి, పానుగంటి, మునిమాణిక్యం - ఈ వరుసలో ఉలి పట్టినవాడు కనిపించడు. పశువులు కాసినవాడు కనిపించడు. నవ్వించడం చదువుకున్నవాడి విద్య అయినట్టూ, శ్రమజీవికి కన్నీళ్ళూ ఆగ్రహమూ మాత్రమే మిగిలినట్టూ మన విమర్శ చాలాకాలంగా ప్రవర్తించింది. అభ్యుదయ విమర్శకులమైన మనమూ ఇందుకు మినహాయింపు కాదు. జానపదుల పాటలో దుఃఖాన్ని వెతికినంత శ్రద్ధగా మనం చమత్కారాన్ని వెతకలేదు.

ఈ లోటును ఒక చిన్న ప్రాంతానికి పరిమితమై పరిశీలించాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. 2022 ఏప్రిల్‌లో కర్నూలు జిల్లా నుంచి విడివడి కొత్త జిల్లాగా ఏర్పడిన నంద్యాల ప్రాంతాన్ని తీసుకుందాం. నంద్యాల, ఆళ్లగడ్డ, బనగానపల్లె, యాగంటి - ఒక రోజు ప్రయాణంలో చుట్టి రాగల చోట్లు ఇవి. రాయి, కాలువ, తాటాకు, సామెత - ఇక్కడి మనిషి దేన్ని ముట్టుకున్నా దాన్నుంచి ఒక వింత కల్పననూ, ఒక నవ్వునూ తీశాడు. ఆ నవ్వు ఏ అవసరం నుంచి పుట్టింది? ఎవరికి మేలు చేసింది? చివరికి ఎవరి చేతుల్లోకి పోయింది? ఈ మూడు ప్రశ్నలూ మనకు ముఖ్యం.

1

యాగంటి క్షేత్రానికి సంబంధించిన స్థలపురాణం అందరికీ తెలిసిందే. అగస్త్యుడు అక్కడ వేంకటేశ్వరుని గుడి కట్టాలనుకున్నాడట. విగ్రహం సిద్ధమయింది. తీరా ప్రతిష్ఠ సమయానికి చూస్తే కాలిగోరు విరిగి వుంది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదు. అగస్త్యుడు దిగులుపడి శివుని గురించి తపస్సు చేశాడు. శివుడు ప్రత్యక్షమై ఈ చోటు తనకే తగినదన్నాడు. ఆ విధంగా వేంకటేశ్వరుడు కొండగుహలో వుండిపోయాడు, ఉమామహేశ్వరులు గుడిలో కొలువయ్యారు.

భక్తులు ఈ కథను భక్తితో వింటారు. శివకేశవ భేదాలను సర్దుబాటు చేయడానికి పుట్టిన కథ అని చరిత్రకారులు అనవచ్చు. అందులో నిజం వుంది. కాని ఈ కథలో కీలకమైన వస్తువు ఒక విరిగిన గోరు. అది ఎవరి భయం? రాజు భయం కాదు, పూజారి భయం కాదు. నెలల తరబడి రాయి చెక్కి, చివరి రోజున ఒక్క దెబ్బ ఎక్కువ పడితే శ్రమంతా వృథా అయిపోయే శిల్పి భయం అది. స్థలపురాణం పేరుకు అగస్త్యునిదే అయినా, దాని లోపల వినిపించేది కార్ఖానాలో కూర్చున్నవాడి గుండెదడ. ఆ భయానికి కథ ఇచ్చిన పరిష్కారం చూడండి: పని చెడిపోయిందా? అయితే దేవుణ్ణే మార్చేద్దాం! పాడయిన రాయిని పారేయడం తప్ప మరో దారి లేని మనిషి చేసుకున్న ఊహ ఇది. ఇంతకంటే గడుసైన హాస్యం మన ప్రబంధాల్లో ఎంత వుంది?

అదే క్షేత్రంలో బసవన్న పెరుగుతున్నాడని జనం నమ్మకం. పూర్వం విగ్రహం చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని, ఇప్పుడు చోటు చాలడం లేదని, అందుకోసం ఒక స్తంభాన్ని తొలగించవలసి వచ్చిందని చెబుతారు. రాయి పెరుగుతుందా లేదా అన్నది కొలతల సమస్య. దాన్ని శాస్త్రజ్ఞులు తేల్చవలసిందే, మనం నమ్మకానికి ముద్ర వేయనక్కర లేదు. ఊహగా చూసినప్పుడు మాత్రం దాని బలం కాదనలేనిది. శిల్పి ఉలి కింద పెట్టిన తర్వాత కూడా శిల్పం పూర్తి కాలేదన్న భావన అందులో వుంది.

మూడో కథ కాకులది. అగస్త్యుని తపస్సుకు కాకులు అడ్డు తగిలాయట, ఆయన శపించాడట, అందుకే అక్కడ కాకులు వాలవట. కాకి శనికి వాహనం కాబట్టి శని కూడా ఆ క్షేత్రంలో అడుగు పెట్టలేడట! మనిషిని ఏడున్నరేళ్ళు పీడిస్తాడని అందరూ వణికే గ్రహం, బండి దొరకని ప్రయాణికుడిలాగా పొలిమేరలో నిలబడిపోయాడు. భయపెట్టే శక్తిని నిత్యజీవితపు ఇబ్బందుల్లోకి దించి నవ్వడం శ్రమజీవుల హాస్యానికి వున్న ఒక ప్రధాన లక్షణం. శనిని శపించనక్కర లేదు, వాహనం లేకుండా చేస్తే చాలు.

2

ఇదే నేల మీద ఆస్థాన కవిత్వం కూడా వింత కల్పనకు పట్టం కట్టిందన్న సంగతి మరవకూడదు. 16వ శతాబ్దిలో పింగళి సూరన తన కళాపూర్ణోదయాన్ని అంకితమిచ్చింది నంద్యాల కృష్ణభూపతికే. పురాణాల నుంచి కథ అరువు తెచ్చుకోవడమే ఆచారమైన రోజుల్లో సూరన సొంతంగా కథ కల్పించాడు. బ్రహ్మ సరస్వతుల సరసంలో పుట్టిన ఒక కథ, ఆ కథలో పాత్రలే నిజంగా భూమి మీద పుట్టడం, ముందు జరిగింది వెనక తెలియడం - ఈ నిర్మాణమే ఒక యంత్రంలాంటిది. ఒక కీలు తిప్పితే పది బొమ్మలు కదులుతాయి. మాయారంభ, మాయానలకూబరుడు ఒకరినొకరు నిజమనుకొని దగ్గర కావడం, ఆ తర్వాత అసలు రంభకూ మాయారంభకూ నేనంటే నేనే రంభనని తగవు పడడం మన ప్రాచీన కావ్యాల్లోని గొప్ప హాస్యఘట్టాల్లో ఒకటి.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారంలో ఈ కావ్యాన్ని ముందు పెట్టుకొనే ఆధునిక తెలుగు విమర్శకు బాట వేశాడు. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అంటే నాలుగు శతాబ్దాలు దాటినా ఆ కల్పన చావలేదు.

అయితే మన దృష్టికి ఇంతకంటే విలువైన ఘట్టం శాలీన సుగాత్రుల కథ. ఒళ్ళంతా నగలు పెట్టుకొని వచ్చిన భార్యను చూసి శాలీనుడు చలించడు. తల్లి ఎంత ముస్తాబు చేసి పంపినా ఫలితం లేదు. సుగాత్రి ఆ నగలు తీసేసి, తోటలో భర్తతోపాటు పనికి దిగినప్పుడు అతనికి ప్రేమ కలుగుతుంది. భూస్వామ్య యుగపు ఆస్థానంలో, ఆభరణాల వర్ణనే కవిత్వమని నమ్మిన సభలో, చెమట పట్టిన శరీరాన్ని అందమైనదిగా చూపించడం చిన్న విషయం కాదు. సూరన రైతుకూలీల కవి అని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. రాజాశ్రయంలో వున్న కవికి కూడా శ్రమ వైపు ఒక కిటికీ తెరుచుకుందని మాత్రం నిస్సందేహంగా చెప్పవచ్చు.

3

ఆ కిటికీ అవతల వున్నవాళ్ళ గొంతు తర్వాతి శతాబ్దిలో వినిపించింది. 1565 యుద్ధం తర్వాత విజయనగర వ్యవస్థ చెదిరిపోయింది. ఈ సీమ దక్కను సుల్తానుల చేతుల్లోకి, ఆ తర్వాత మొగలుల చేతుల్లోకి పోయింది. పాలెగాళ్ళ పెత్తనం, పన్నుల పీడన, యుద్ధాల రాకపోకలు - పల్లెకు రేపటి మీద నమ్మకం లేని కాలం అది. ఆ కాలంలోనే పోతులూరి వీరబ్రహ్మం బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా వున్నాడని సంప్రదాయం చెబుతుంది.

రవ్వలకొండ దగ్గర జరిగినట్టు చెప్పే కథ ఇది. కాపరి ఆవులను కొండకు తోలుకుపోతాడు. కర్రతో వాటి చుట్టూ ఒక గిరి గీస్తాడు. ఆవులు ఆ గీత దాటకుండా మేస్తాయి. ఆయన గుహలో కూర్చొని తాటాకు మీద ముల్లుతో కాలజ్ఞానం రాసుకుంటాడు. ఒకనాడు అచ్చమ్మ చాటుగా వచ్చి చూస్తుంది, తన కూలివాడు ఎవరో అప్పుడు గుర్తిస్తుంది.

భక్తులు దీన్ని మహిమగా చెప్పుకుంటారు. మహిమను పక్కన పెట్టి కథలో వున్న వస్తువులు లెక్క పెట్టండి: ఒక కర్ర, ఒక గీత, తాటాకు, ముల్లు. కంచె లేకుండా ఆవులను ఆపే ఒక వింత సాధనాన్ని ఈ కథ కనిపెట్టింది. దేనికోసం? పశువుల కాపరికి రాసుకోవడానికి తీరిక కావాలి. యజమాని తీరిక ఇవ్వదు, ఆవులూ ఇవ్వవు. కాబట్టి ఒక గీత గీసి తీరికను సంపాదించుకోవాలి. పని చేసే మనిషికి అక్షరంతో గడిపే సమయం లేకపోవడమనే చారిత్రక సత్యం ఈ కథకు పునాది. తరతరాలుగా ఈ కథ విన్న కాపరులు ఆ గిరిని చూసి నవ్వుకొని వుంటారు. తమకూ అటువంటి గీత ఒకటి వుంటే ఎంత బాగుండునని నిట్టూర్చి కూడా వుంటారు.

వీరబ్రహ్మం విశ్వబ్రాహ్మణుడు. కమ్మరం, వడ్రంగం, కంచరం, శిల్పం, కంసాలితనం - ఈ ఐదు పనులూ చేతివృత్తులవి. శిష్యుల్లో ముఖ్యుడైన సిద్ధయ్య దూదేకుల కుటుంబంలో పుట్టాడు. కక్కయ్య దళితుడు. అక్షరాన్నీ ఆధ్యాత్మికతనూ కొందరే దాచుకున్న సమాజంలో చేతివృత్తులవాళ్ళ చుట్టూ ఇటువంటి బృందం ఏర్పడడం చరిత్రలో గుర్తించవలసిన పరిణామం. వేమనకు అభిరాముడనే కంసాలి స్నేహితుడు వున్నాడన్న ఐతిహ్యం కూడా ఇదే ధోరణికి చెందింది. రాయలసీమలో తత్వమూ ధిక్కారమూ పనిముట్ల చప్పుడు దగ్గరే పుట్టాయి.

4

ఇక కాలజ్ఞానపు మాటల సంగతి. కాలజ్ఞానానికి ఒకే ఒక స్థిరమైన పాఠం లేదు. తత్వాలుగా పాడినవి, చిన్న పుస్తకాలుగా అచ్చయినవి, నోటిమాటగా నడిచినవి కలగలిసిపోయాయి. రాసిన తాటాకులను అచ్చమ్మ ఇంట్లో పాతిపెట్టి, పైన చింతచెట్టు నాటారని చెబుతారు. అంటే అసలు గ్రంథం మట్టిలో వుంది, చదవడానికి వీలు లేదు. పైన మాత్రం కొత్త మాటలు చిగురిస్తూనే వుంటాయి. ఈ స్థితి ప్రజల కల్పనకు ఎంతో స్వేచ్ఛ ఇచ్చింది, మోసానికి కూడా అంతే స్వేచ్ఛ ఇచ్చింది.

19వ శతాబ్దిలో ఈ ప్రాంతానికి వచ్చిన ఒక వింతను చూడండి. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1863 - 1870 మధ్య కర్నూలు - కడప కాలువను తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్ళించిన ఈ కాలువ నీటిపారుదలతోపాటు పడవల రవాణాకు కూడా ఉద్దేశించింది. లాభం కోసం వచ్చిన కంపెనీ నష్టపోయింది, 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. పడవలు మాత్రం 1933 దాకా నడిచాయి. కరువు సీమలో పడవ! దీనికంటే పెద్ద హాస్యం ఏముంటుంది? ఆ తర్వాత రైలు వచ్చింది, మోటారు వచ్చింది, కరెంటు దీపం వచ్చింది, సినిమా వచ్చింది. ప్రతి కొత్త వస్తువు ముందూ పల్లె ఒక క్షణం తెల్లబోయింది. మరుక్షణం తేరుకొని, ఇదేం కొత్త, బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పాడు కదా అంది. ఎద్దులు లేని బండ్లు, నీళ్ళతో వెలిగే దీపాలు - కాలజ్ఞానంలో వున్నాయని జనం చెప్పుకునే ఈ మాటల్ని ఆయా యంత్రాలకు తగిలించారు.

ఇందులో రెండు పనులు ఒకేసారి జరిగాయి. మొదటిది ఆరోగ్యకరమైన పని. సీమదొర తెచ్చిన యంత్రాన్ని చూసి అణిగిపోకుండా, దానికి స్థానికమైన పేరూ ఊరూ కల్పించి, దాన్ని చూసి నవ్వగల ధైర్యం పల్లెకు వచ్చింది. మా ఊరి పశువుల కాపరికి ముందే తెలిసిన సంగతిని మీరు ఇంత డబ్బు పోసి కనిపెట్టారా అన్న ఎకసెక్కెం అందులో వుంది.

రెండో పని ప్రమాదకరమైనది. జరగవలసిందంతా ముందే రాసి వుంటే, కరువుకు కారణం ఎవరు? పన్నుకు బాధ్యుడు ఎవరు? కాలజ్ఞానం పేర ప్రచారంలో వున్న మాటల్లో కొన్ని కింది కులాలు పైకి రావడాన్నీ, స్త్రీ గడప దాటడాన్నీ కలియుగపు చెడుగా లెక్కవేస్తాయి. తలకిందులైన లోకాన్ని చూపించి నవ్వించడం ప్రపంచమంతటా వున్న పద్ధతే. కబీరు ఉలట్‌బాఁసీలు అటువంటివే. స్విఫ్ట్ 1726లో గలివర్ యాత్రలలో దోసకాయల నుంచి సూర్యకిరణాలు తీసే పరిశోధకుణ్ణి సృష్టించి ఆనాటి పండితులను ఎగతాళి చేశాడు. వీరేశలింగం ఆ యాత్రల స్ఫూర్తితో రాసిన సత్యరాజా పూర్వదేశ యాత్రలలో స్త్రీలు పురుషులను అణచిపెట్టే దేశాన్ని కల్పించి, మన సమాజంలో స్త్రీ పడే హింసనే పురుషుడి ఒంటి మీద చూపించాడు. లోకాన్ని తలకిందులు చేసి అన్యాయాన్ని బయటపెట్టే హాస్యం ఒకటి, తలకిందులవుతుందేమోనని అన్యాయాన్ని కాపాడే హాస్యం మరొకటి. ఈ రెంటినీ విడదీసి చూపించడమే విమర్శకుడి పని. కాలజ్ఞానంలో రెండూ వున్నాయి. మొత్తాన్ని నెత్తిన పెట్టుకోవడమూ, మొత్తాన్ని మూఢనమ్మకమని పారేయడమూ, రెండూ సోమరి పద్ధతులే.

ఈ సామెతల రాజకీయం 1984లో పరాకాష్ఠకు చేరింది. ముఖానికి రంగు పూసుకున్నవాళ్ళు రాజ్యమేలుతారని బ్రహ్మంగారు చెప్పాడన్న మాట అప్పటికే జనంలో వుంది. 1983లో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావుకు జనం దాన్ని అన్వయించారు. మరుసటి ఏడు విడుదలైన శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్రలో వీరబ్రహ్మం పాత్ర ధరించింది, దర్శకత్వం వహించింది ఆ ముఖ్యమంత్రే. జోస్యానికి విషయమైన నటుడు తానే జోస్యం చెప్పినవాడుగా తెర మీదికి వచ్చాడు! సూరన వుంటే తన మాయారంభను గుర్తు చేసుకొని నవ్వేవాడు.

2020లో కరోనా ప్రబలినప్పుడు మళ్ళీ ఇదే జరిగింది. కాలజ్ఞానంలోదంటూ ఒక పద్యం ఫోన్లలో ఊరూరా తిరిగింది. ఫ్రాన్సులో నోస్ట్రడామస్ 1555లో అచ్చు వేసిన జోస్యాలకు కూడా ఇదే గతి పట్టింది. ఏ ఉపద్రవం వచ్చినా, వచ్చిన తర్వాత అందులో దానికి ఒక చరణం దొరుకుతుంది. వచ్చేముందు ఒక్కసారైనా దొరకదు. ఈ చిన్న సత్యాన్ని పల్లెలో ఎవరైనా ముసలాయన నవ్వుతూ చెప్పగలడు. విద్యావంతులమైన మనం మాత్రం ఫోనులో వచ్చినదాన్ని గంభీరంగా పదిమందికి పంపించాం. ఆ రోజుల్లో ఆసుపత్రుల గురించీ, వలసకూలీల నడక గురించీ అడగవలసిన ప్రశ్నలను జోస్యం ఎంతవరకు మింగేసిందో ఆలోచించుకోవాలి.

5

ఆళ్లగడ్డ శిల్పుల గురించి చెప్పకుండా ఈ చర్చ ముగియదు. ఆ ఊరి రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. రోడ్డు పక్కన షెడ్లలో రాయి చెక్కే చప్పుడు వినవచ్చు. శిల్పి కార్ఖానా చూసినవాళ్ళకు తెలుసు, అక్కడున్నంత సమానత్వం మరెక్కడా వుండదు. వినాయకుడూ, రాజకీయ నాయకుడూ, గాంధీ, అంబేద్కరూ ఒకే దుమ్ములో పక్కపక్కన నిలబడతారు. తలలు ఇంకా పూర్తికాని రాళ్ళలో ఎవరు దేవుడో, ఎవరు నాయకుడో పోల్చడం కష్టం. కళ్ళు తెరిపించేదాకా అది రాయే. దాని మీద చెయ్యి ఆనించి నిలబడవచ్చు, ఉలి పెట్టవచ్చు. కళ్ళు తెరిపించిన తర్వాత, గుడికి చేరిన తర్వాత, అదే శిల్పి వరుసలో నిలబడి దూరం నుంచి దండం పెట్టుకోవాలి. తాను చేసిన వస్తువు తనకే పరాయిదై, తన మీదే పెత్తనం చేయడాన్ని మార్క్స్ పెద్ద గ్రంథాలలో వివరించాడు. ఆ వివరణకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తోచదు.

యాగంటి కథలో విరిగిన గోరుకు ఇక్కడ కొత్త అర్థం వస్తుంది. యంత్రపు కత్తెర వచ్చిన తర్వాత పని వేగం పెరిగింది, దుమ్ము కూడా పెరిగింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చే సిలికోసిస్‌కు తిరుగులేదు. గుర్తింపు ఊరికి దక్కింది, పీఠం మీద పేరు దాతకు దక్కింది. దుమ్ము మాత్రం చెక్కినవాడికి దక్కింది. ఈ లెక్కలో హాస్యం వుంది గాని, అది నవ్వి ఊరుకునే హాస్యం కాదు.

యువ రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నా విన్నపం ఒకటే. ప్రేరణ కోసం దూరం పోనక్కర లేదు. శిల్పి షెడ్డులో, కాలువ గట్టున, పశువులు మేసే బీట్లో ఇవాళ చెప్పుకుంటున్న ఎకసెక్కాలను సేకరించండి. సేకరించేటప్పుడు అది ఏ ఊళ్ళో, ఏ పని చేస్తూ, ఏ సంవత్సరంలో అన్న మాటో రాసిపెట్టండి. వీలైతే, ఒప్పుకుంటే, అన్న మనిషి పేరు కూడా రాయండి. పేరు లేని మాటను రేపు ఎవరైనా ఏ మహాపురుషుడికో అంటగడతారు, ఎల్లుండి దాన్ని జోస్యంగా మార్చి మనకే అమ్ముతారు. బనగానపల్లె కాపరి గీసిన గిరి ఆవులను ఆపడానికి గాదు, రాసుకునేంత తీరిక కోసం. ఆ తీరిక ఆళ్లగడ్డలో ఉలి పట్టినవాడికి ఈనాటికీ లేదు. అతను పని ఆపి బీడీ ముట్టించుకునే ఐదు నిమిషాల్లో చెప్పే మాటను మన తీరికలోనుంచి కొంత ఇచ్చి మనమైనా రాసుకోవాలి.